ఏడాదికి రెండుసార్లే ఎందుకు?

మార్చి 9, 10, 11 తేదీల్లోనూ, మళ్లీ అక్టోబరు మొదటి మూడు రోజుల్లోనూ తెల్లవారకముందే అరసవల్లిలో జనం బారులు తీరి ఉంటారు. మా రాజాం నుంచి అక్కడికి సుమారు 50 కిలోమీటర్లు. ముందురోజు సాయంత్రమే బస్సెక్కి, సిక్కోలులో చుట్టాలింట్లో దిగి, చీకటితో లేచి గుడికి వెళ్లేవాళ్లు మా వైపు ఎప్పుడూ ఉంటారు. తూర్పున మబ్బు లేకపోతే, పొద్దు పొడిచిన కాసేపటికి లేత ఎండ గోపురం కిందుగా వచ్చి, అనివెట్టి మండపం దాటి, గర్భగుడిలో సూర్యనారాయణమూర్తి పాదాల మీద పడుతుంది. కొన్ని నిమిషాలే ఉంటుంది. అక్టోబరులో మాత్రం మబ్బులు తరచు ఉసూరుమనిపిస్తాయి. మన తీరానికి అది తుపాన్ల కాలం.

ఆ దృశ్యం ఫోన్లలో తిరిగినప్పుడల్లా ‘సైన్సుకు అందని రహస్యం’ అని ఒక తోక తగిలిస్తారు. దాని వెనకే ఈజిప్టు వీడియో వస్తుంది. పిరమిడ్లను గ్రహాంతరవాసులు కట్టారనో, కాంతి వేగం వాళ్లకు ముందే తెలుసనో అందులో చెబుతారు. రాజాం బస్టాండు దగ్గర టీ కొట్టులో ఓ పెద్దాయన నన్ను నిలదీశాడు: “ఏటి మాస్టారూ, ఈజిప్టోళ్లకి అప్పట్లోనే కరెంటు ఉండీదట కదా? గోడ మీద బల్బు బొమ్మే ఉందట!” ఉన్నది బొమ్మే, బల్బు కాదు. దెందెరాలో హాథోర్ దేవత గుడి నేలమాళిగలో చెక్కిన ఆ శిల్పంలో తామర పువ్వులోంచి పాము వెలువడుతుంటుంది. అది తామరలోంచి పుట్టుకొచ్చే సూర్యదేవుడి కథ. బొమ్మ పక్కనే చిత్రలిపిలో ఆ సంగతి రాసి ఉంది. చదవడం రానివాళ్లకే అది బల్బు.

ఆ పెద్దాయన ప్రశ్నను నేను కొట్టిపారెయ్యను. ఆ ప్రశ్నలో నిజమైన ఆశ్చర్యం ఉంది. వేల ఏళ్ల కిందటివాళ్లు రాతిగదిలోకి ఒక నిర్ణీత రోజున ఎండను ఎలా రప్పించారు? దానికి అరసవల్లి తేదీల్లోనే జవాబు దొరుకుతుంది. ఆ తేదీలు రెండు జట్లు. ఒకటి కాదు, మూడు కాదు, రెండే ఎందుకు?

సూర్యుడు రోజూ సరిగ్గా తూర్పున ఉదయించడు. డిసెంబరు 21 ప్రాంతంలో మన వైపు ఉదయబిందువు తూర్పు నుంచి దక్షిణానికి దాదాపు 25 డిగ్రీలు జరిగి ఉంటుంది. అక్కడి నుంచి ఉత్తరానికి మళ్లి, జూన్ 21 నాటికి తూర్పుకు అవతల మరో 25 డిగ్రీలు పోతుంది. తర్వాత తిరుగుప్రయాణం. అంటే 50 డిగ్రీల ఆ దారిలో ఏ బిందువునైనా సూర్యుడు పోతూ ఒకసారి, వస్తూ ఒకసారి దాటాల్సిందే. మీ ఇంటి సింహద్వారం ఆ వైపు చూస్తూ ఉంటే, ఎదుట అడ్డేమీ లేకపోతే, మీ నట్టింటి గోడ మీదా ఏడాదికి రెండుసార్లు పొద్దుటి ఎండ తిన్నగా పడుతుంది. ఎవరూ వచ్చి చూడరు, అంతే.

ఇప్పుడు లెక్క వేద్దాం. అక్టోబరు 2 నుంచి డిసెంబరు 21 దాకా 80 రోజులు. డిసెంబరు 21 నుంచి మార్చి 10 దాకా 79 రోజులు. రెండు తేదీలూ దక్షిణాయనాంతానికి అటూ ఇటూ సమదూరంలో కూర్చున్నాయి. ఆ రెండు రోజుల్లోనూ అరసవల్లి అక్షాంశంలో, అంటే 18.3 డిగ్రీల దగ్గర, సూర్యుడు తూర్పు నుంచి దక్షిణానికి సుమారు 4 డిగ్రీలు జరిగి ఉదయిస్తాడు. గోపురం, మండపం, గడపలు వరుసగా నిలిచి గొట్టంలా పనిచేస్తాయి. పైకెక్కుతున్న సూర్యుడు ఆ గొట్టానికి ఎదురుగా వచ్చిన కాసేపే ఎండ లోపలికి చొరబడుతుంది.

మరి మూడు రోజులే ఎందుకు? ఇదీ లెక్కే. విషువత్తుల దగ్గర, అంటే పగలూ రాత్రీ సమానమయ్యే రోజుల దగ్గర, సూర్యుడి కదలిక జోరుగా ఉంటుంది. ఉదయబిందువు రోజుకు దాదాపు 0.4 డిగ్రీ జరుగుతుంది. 30 మీటర్ల పొడవున్న దారి చివర ఈ తేడా 20 సెంటీమీటర్ల పైచిలుకు అవుతుంది. కాబట్టి ఇవాళ పాదాల మీద ఉన్న వెలుగు రెండు రోజులు తిరిగేసరికి గోడ మీదికి పోతుంది. అదే గుడిని డిసెంబరు 21 నాటి సూర్యుడికి ఎదురుగా కట్టి ఉంటే వెలుగు వారాల తరబడి వచ్చేది, ఎందుకంటే అక్కడ సూర్యుడు మలుపు తిరుగుతూ దాదాపు కదలకుండా ఉంటాడు. ఉత్సవానికి గుంపు కూడాలంటే చురుగ్గా కదిలే రోజులే మేలు. కట్టినవాళ్లు ఇదంతా ఆలోచించారా అంటే, అలాగే అనిపిస్తుంది నాకు.

ఈ లెక్కతో ఒక జోస్యం కూడా చెప్పొచ్చు. మార్చి 10న శ్రీకాకుళంలో సూర్యోదయం సుమారు 6 గంటల 6 నిమిషాలకు, అక్టోబరు 2న 5 గంటల 46 నిమిషాలకు. ఆకాశంలో సూర్యుడి దారి దాదాపు ఒకటే అయినా గడియారంలో ఇరవై నిమిషాల తేడా. భూమి కక్ష్య గుండ్రంగా కాక కోలగా ఉండటం, భూమి ఇరుసు వంగి ఉండటం, ఈ రెండూ కలిసి మన గడియారాన్నీ సూర్యుణ్నీ ఏడాది పొడుగునా ముందూ వెనకా చేస్తుంటాయి. కనక స్వామి పాదాల మీద వెలుగు అక్టోబరులో మార్చి కంటే ఇరవై నిమిషాలు ముందే రావాలి. చేతిగడియారం పెట్టుకుని వెళ్లే భక్తులు సరిచూసుకోవచ్చు.

స్థలచరిత్ర ప్రకారం ఈ గుడిని 7వ శతాబ్దంలో కళింగను ఏలిన తూర్పు గాంగరాజు దేవేంద్రవర్మ కట్టించాడు. ఇప్పుడు మనం చూసే కట్టడంలో చాలాభాగం 18వ శతాబ్దంలో తిరిగి కట్టినది. ‘పోయిన విజ్ఞానం’ అనేవాళ్లు ఈ రెండో వాక్యం దగ్గర ఆగాలి. పదకొండు వందల ఏళ్ల తర్వాత మళ్లీ కట్టినవాళ్లు ఆ వెలుగుదారిని చెడగొట్టలేదంటే ఆ విద్య అప్పటికీ పనివాళ్ల చేతిలోనే ఉందన్నమాట. గాంగుల తామ్రశాసనాల్లో గ్రహణాల రోజున, ఉత్తరాయణ పుణ్యకాలాన చేసిన దానాలు కనిపిస్తాయి. గ్రహణం ఎప్పుడో ముందుగా తెలియనివాళ్లు దానానికి నీళ్లు సిద్ధం చేసుకుని కూర్చోలేరు. అదే వంశంలోని మొదటి నరసింహదేవుడు 13వ శతాబ్దంలో కోణార్కలో సూర్యుడికి రాతిరథం కట్టించాడు. సూర్యుణ్ని చూడటం, లెక్కపెట్టడం ఆ ఇంట పాత అలవాటే.

ఈజిప్టులో అరసవల్లికి జోడీ ఉంది. దాని పేరు అబూ సింబెల్. క్రీస్తుపూర్వం 13వ శతాబ్దంలో రెండో రామ్సెస్ కొండను లోపలికి సుమారు 60 మీటర్లు తొలిపించి చేయించిన గుడి అది. అక్కడ ఫిబ్రవరి 22న, అక్టోబరు 22న పొద్దుటి ఎండ ఆ చివరన కూర్చున్న నాలుగు విగ్రహాల దాకా పోతుంది. ఆమున్-రా, రామ్సెస్, రా-హోరఖ్తి మీద వెలుగు పడుతుంది. నాలుగోవాడు ప్తాహ్ చీకట్లోనే ఉంటాడు, పాతాళంతో సంబంధమున్న దేవుడు కనక అలా అమర్చారని గైడ్లు చెబుతారు. ఒక తేదీ రామ్సెస్ పుట్టినరోజు, రెండోది పట్టాభిషేకం రోజు అని కూడా చెబుతారు. ఇది ప్రపంచమంతా నమ్మే మాట, పర్యాటక కరపత్రాల్లోనూ ఉంది.

మన లెక్కను ఇక్కడా పెట్టి చూడండి. అక్టోబరు 22 డిసెంబరు 21కి 60 రోజుల ముందు. ఫిబ్రవరి 22 దానికి 63 రోజుల తర్వాత. ఎండ ఆ ఒక్క రోజే కాక పక్క రోజుల్లోనూ కొంత పడుతుంది కాబట్టి ఈ మూడు రోజుల తేడాను పట్టించుకోనక్కర్లేదు. అసలు విషయం, ఆ రెండు తేదీలను జోడించింది సూర్యుడు. రాజుగారి జీవితంలోని రెండు పెద్ద రోజులు సరిగ్గా దక్షిణాయనాంతానికి అటొకటీ ఇటొకటీ సమదూరంలో పడాలంటే ఆయన తల్లి, పురోహితులు, మరణించిన తండ్రి సేతీ అందరూ కలిసి కుట్ర పన్ని ఉండాలి. రామ్సెస్ పుట్టిన తేదీ ఏ శాసనంలోనూ లేదు. పట్టాభిషేకం వేసవి మొదట్లో జరిగిందని చరిత్రకారుల లెక్క. ఫిబ్రవరికీ అక్టోబరుకూ అది దూరమే.

ఇంకో చిక్కు కూడా ఉంది, నాకు ఇదే ఎక్కువ నచ్చుతుంది. ఈజిప్టువాళ్ల పౌర సంవత్సరం 365 రోజులు, లీపు దినం లేదు. అందువల్ల వాళ్ల తేదీలు నాలుగేళ్లకో రోజు చొప్పున సూర్యుడి నుంచి జారిపోతుంటాయి. రామ్సెస్ 66 ఏళ్లు ఏలాడు. ఆ కాలంలోనే తేదీలు 16 రోజులు జారతాయి. ఒక ఏడాది పుట్టినరోజున పడిన వెలుగు ఆయన ముసలితనానికి మరో పక్షానికి పోయి ఉంటుంది. కొండలో తొలిచిన దారిని తేదీతో పాటు జరపలేరు కదా. మన తిథులకూ ఇదే సంగతి: అరసవల్లి వెలుగు రథసప్తమితో గానీ, మరే తిథితో గానీ ముడిపడి ఉండదు. ఇంగ్లీషు క్యాలెండర్ రుతువులను అంటిపెట్టుకుని నడిచేది కాబట్టి అందులో తేదీలు స్థిరంగా కనిపిస్తాయి.

అబూ సింబెల్‌కు కూడా పునర్నిర్మాణం జరిగింది. ఆస్వాన్ హై డ్యామ్ నీళ్లలో మునిగిపోకుండా 1964 నుంచి 1968 దాకా యునెస్కో పూనికతో గుడిని వెయ్యికి పైగా దిమ్మలుగా కోసి, 65 మీటర్లు పైకీ 200 మీటర్లు వెనక్కీ జరిపి మళ్లీ పేర్చారు. దిశ తప్పకుండా చూసుకున్నారు, వెలుగు ఇప్పటికీ వస్తోంది. సిక్కోలు పనివాళ్లు 18వ శతాబ్దంలో చేసిందీ ఇదే, వాళ్లకు క్రేన్లు మాత్రం లేవు.

ఇక పిరమిడ్. గీజాలోని పెద్ద పిరమిడ్ ఉన్న అక్షాంశం 29.9792458 డిగ్రీలట, కాంతి వేగం సెకనుకు 29,97,92,458 మీటర్లట, అంకెలు ఒకటేనట! ఈ వీడియో చూడని ఇంజనీరింగ్ విద్యార్థి రాజాంలో దొరకడు. అంకెలు కలవడం నిజమే. అయితే అక్షాంశంలో ఏడో దశాంశం అంటే నేల మీద ఒక్క సెంటీమీటరు. పిరమిడ్ భుజం 230 మీటర్లు. దాని ఒంటి మీద అలాంటి గీతలు ఇరవై వేలు గీయొచ్చు, అందులో మనకు కావలసినదాన్ని ఏరుకున్నాం. పైగా మీటరు అనేది 1790లలో ఫ్రాన్సులో పుట్టింది. సెకను, దశాంశ డిగ్రీలు కూడా పిరమిడ్ కట్టించిన ఖుఫు కాలపు ఈజిప్టువి కావు. వాళ్లు కాంతి వేగాన్ని కొలిచి ఉన్నా మీటర్లలో చెప్పడానికి వీల్లేదు.

పై (π) విలువ కథ కొంచెం గట్టిది. పిరమిడ్ భుజం 440 మూరలు, ఎత్తు 280 మూరలు. చుట్టుకొలతను ఎత్తుతో భాగిస్తే 1760 బై 280, అంటే 44/7. ఇది 22/7కు రెట్టింపు! కాకతాళీయం అని తోసెయ్యడానికి మనసొప్పదు. కానీ ఈజిప్టు మేస్త్రీలు వాలును కోణంలో చెప్పేవారు కాదు. ఒక మూర ఎత్తుకు ఎన్ని బెత్తెలు లోపలికి జరగాలి అని చెప్పేవారు, మూరకు ఏడు బెత్తెలు. ఈ పిరమిడ్‌కు ఆ కొలత ఐదున్నర బెత్తెలు. చేతికి అందే అంకె అది. ఆ వాలు పెడితే 22/7 పిలవకుండానే వచ్చి కూర్చుంటుంది. వాళ్లు వృత్త వైశాల్యం ఎలా కట్టేవారో రైండ్ పపైరస్ అనే పాత ఈజిప్టు లెక్కల పత్రంలో ఉంది. దాని ప్రకారం పై విలువ సుమారు 3.16. పిరమిడ్‌లో మెరుగైన విలువ దాచుకుని, బడిలెక్కల్లో నాసిరకం విలువ వాడుకున్నారంటే నమ్మశక్యంగా ఉందా?

ఇలాంటి లెక్కలు కొత్తవి కావు. 1859లో లండన్‌లో జాన్ టేలర్ మొదలుపెట్టాడు. స్కాట్లండ్ రాజ ఖగోళజ్ఞుడు పియాజీ స్మిత్ దాన్ని భుజానికెత్తుకున్నాడు. ఏడాదిలో ఎన్ని రోజులో పిరమిడ్ భుజంలో దాగి ఉందని ఆయన వాదం. దానికి ‘పిరమిడ్ అంగుళం’ అనే కొలతను ఆధారం చేసుకున్నాడు. ఆ లెక్క కుదరాలంటే భుజం మామూలు అంగుళాల్లో సుమారు 9,140 ఉండాలి. స్మిత్ సిద్ధాంతాన్ని అభిమానించే ఇంట్లో పెరిగిన ఫ్లిండర్స్ పెట్రీ అనే కుర్రాడు 1880లో గీజాకు పోయి, పాతసమాధిలో కాపురం పెట్టి, రెండేళ్లలో పిరమిడ్‌ను అంగుళం అంగుళం కొలిచాడు. సగటు 9,069 అంగుళాలు వచ్చింది. సిద్ధాంతం అక్కడితో పోయింది. పిరమిడ్ లోపల ఒక గ్రానైట్ బొడిపెను తన సిద్ధాంతానికి సరిపోయేలా ఆకురాయి పెట్టి అరగదీస్తున్న భక్తుణ్ని కూడా పెట్రీ పట్టుకున్నాడు! 1968లో ఎరిక్ వాన్ డానికెన్ తన పుస్తకంలో అంతరిక్షం నుంచి దేవుళ్లను దింపేదాకా ఆ సంత ఆగలేదు, ఆ తర్వాతా ఆగలేదు.

కట్టినవాళ్ల మాట కూడా మనకు దొరికింది. 2013లో ఎర్రసముద్ర తీరాన వాదీ అల్-జర్ఫ్ దగ్గర పురావస్తు పరిశోధకుడు పియేర్ తాలే బృందానికి పపైరస్ కట్టలు కనిపించాయి. వాటిలో మెరెర్ అనే తనిఖీదారు దినచర్య ఉంది. నలభై మంది మనుషులతో, తూరా గనుల నుంచి సున్నపురాళ్లు పడవల మీద గీజాకు చేరవేశాడు. ఏ రోజు ఎక్కడ పడుకున్నారో, ఏ రోజు రాళ్లు దింపారో రాసుకున్నాడు. ఖుఫు సోదరుడు అంఖాఫ్ పైఅధికారిగా అందులో ఉన్నాడు. ఇరిగేషన్ శాఖ వర్క్ ఇన్‌స్పెక్టరు లాగ్‌బుక్కు చదివినట్టు ఉంటుంది. నాలుగున్నర వేల ఏళ్ల కిందటి మనిషి తన హాజరుపట్టీ మనకు చూపిస్తుంటే గ్రహాంతరవాసుల కోసం వెతకడం నాకు అతని మీద అన్యాయంగానే తోస్తుంది.

ఇంతకీ పాతకాలపు విద్య ఏదీ పోలేదా? పోయింది. వాళ్లకు తెలియని కరెంటు పోవడానికి లేదు, తెలిసిన పనితనంలో కొంత పోయింది. పాలంపేట రామప్ప గుడినే చూడండి. కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించాడు, 2021లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కింది. దాని శిఖరంలోని ఇటుకలు నీళ్లలో తేలతాయి. బంకమట్టిలో ఊక లాంటిది కలిపి కాలిస్తే అది బూడిదైపోయి లోపల సన్నని గదులు మిగులుతాయి, ఇటుక తేలికవుతుంది. సూత్రం ఇంతే. కానీ ఏ మట్టి, ఏది ఎంత పాలు, ఎన్నాళ్లు మాగబెట్టారు, ఆవం ఎంత వేడిలో కాల్చారు అన్నది రాసిపెట్టినవాడు లేడు. ఇటుక చేసినవాడి చేతిలోది వాడితోనే పోయింది. పిరమిడ్ విషయమూ అంతే. 2018లో హట్‌నూబ్ పాలరాతి గనిలో ఖుఫు కాలంనాటి ఏటవాలు దారి, దానికి ఇరువైపులా గుంజలు పాతిన గుంటలు బయటపడ్డాయి. తాళ్లు ఆ గుంజలకు చుట్టి రాళ్లను పైకి లాగారని తెలిసింది. పిరమిడ్ మీద మాత్రం ఏ ఆకారపు దారి కట్టారన్న వాదన పండితుల మధ్య ఇంకా నడుస్తోంది. ‘రహస్యాల’ వీడియోలు ఇలాంటి అసలైన ఖాళీల జోలికి రావు.

దిక్కు నిర్ణయించే విద్య అలా పోలేదు. అది సూర్యసిద్ధాంతంలో, వాస్తుశాస్త్ర గ్రంథాల్లో స్పష్టంగా ఉంది. చదును నేల మీద శంకువు అనే కర్రను నిటారుగా నిలిపి, దాని మొదలు కేంద్రంగా వలయం గీస్తారు. పొద్దున నీడ కొస ఆ వలయంలోకి వచ్చినచోట ఒక గుర్తు, సాయంత్రం వలయం దాటి పోయినచోట ఇంకో గుర్తు. రెండూ కలిపితే తూర్పుపడమర గీత. పిరమిడ్ భుజాలు సరైన దిక్కుల నుంచి డిగ్రీలో పదిహేనో వంతుకు మించి తప్పలేదు. ఇంత కచ్చితంగా ఎలా కుదిరిందన్నది పాత ప్రశ్న. 2000లో కేట్ స్పెన్స్ అనే పరిశోధకురాలు నక్షత్రాలతో కుదిర్చారని ప్రతిపాదించింది. గ్లెన్ డాష్ అనే ఇంజనీరు 2016 శరద్విషువత్తు నాడు అమెరికాలోని కనెక్టికట్‌లో ఒక కర్ర పాతి, దాని నీడ కొసను రోజంతా గుర్తించాడు. విషువత్తు నాడు నీడ కొస తిన్నని గీత మీద నడుస్తుంది. ఆ గీత తూర్పుపడమరలకు చాలా దగ్గరగా వచ్చింది, స్వల్పంగా అపసవ్య దిశలో తిరిగి. పిరమిడ్‌లోని తప్పూ అపసవ్యంగానే ఉంది. ఒకే విధమైన తప్పు చేయడం ఒకే విధానం వాడారనడానికి రుజువు కాదు, కానీ బలమైన అనుమానం.

ఈ ప్రయోగానికి కనెక్టికట్ పోనక్కర్లేదు. రాజాంలో ఏ డాబా మీదనైనా మార్చి 20న గానీ, సెప్టెంబరు 22, 23 తేదీల్లో గానీ చేసుకోవచ్చు. గోడకు ఆనించని చీపురుకట్ట కర్ర, సుద్దముక్క, ఓపిక ఉంటే చాలు. గంటకోసారి నీడ కొసను గుర్తుపెట్టి, సాయంత్రం దారం పట్టి చూడాలి. ఇంకో రోజు చేస్తే గీత వంగుతుంది, ఎంత వంగిందో చూస్తే ఏ కాలమో చెప్పొచ్చు.

కర్ర ఎలాగూ నిలిపారు కాబట్టి దాన్ని మే నెల దాకా అట్టే పెట్టండి. రాజాం అక్షాంశం 18.5 డిగ్రీలకు కొంచెం తక్కువ. మే 13 ప్రాంతంలో సూర్యుడు సరిగ్గా మన నెత్తి మీదికి వస్తాడు. ఆ రోజు 12 గంటలకు కాదు, 11 గంటల 52 నిమిషాలకు కర్రకు నీడ ఉండదు. జూన్ 21కి అటు 39 రోజులు, ఇటు 39 రోజులు: కాబట్టి జులై 30 ప్రాంతంలో 12 గంటల 2 నిమిషాలకు మళ్లీ ఒకసారి నీడ మాయమవుతుంది. జులైలో మబ్బుల్ని నమ్మలేం. మే నెలలోనే చూడండి. తలకు తువ్వాలు చుట్టుకోండి, రోహిణికార్తె ఇంకా రాకపోయినా రాజాం ఎండ రాజాం ఎండే.